కందెన తెలిసిన చెయ్యి

బోధన్ నుంచి సాలూర మీదుగా మంజీర దాటితే బిలోలి తాలూకా. ఏటికి ఇవతల తెలంగాణ, అవతల మహారాష్ట్ర. బోర్డులు మరాఠీలోకి మారతాయి గానీ బజారులో తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. నల్లరేగడి నేల, ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. ఇలాంటి చోట పాత కారును కాపాడుకోవడమంటే ముందుగా దాని ఆయిల్‌ను కనిపెట్టుకుని ఉండటమే.

ఆ అలవాటు మనకు కారుతో రాలేదు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఎడ్లబండి ఇరుసుకు పెట్టేవారు. అదే కందెన. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్న సామెతలో ఎగతాళే కాదు, పనితనమూ ఉంది. ఇరుసు కిర్రుమంటే చమురు ఇంకిపోయిందని అర్థం.

ఆ ఆముదమే ఇంజిన్లోకీ ఎక్కింది. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి, క్యాస్టర్ అన్న మాట నుంచే దానికి ‘క్యాస్ట్రాల్’ అని పేరు పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజిన్ల విమానాలు ఆముదంతోనే ఎగిరాయి. ఎంత కాగినా అది లోహాన్ని అంత తేలిగ్గా వదలదు. అయితే కాగీకాగీ జిగురు కడుతుంది. అందుకే కార్లలో చివరికి ఖనిజ తైలమే నిలిచింది.

రాష్ట్రాలు మూడు, ఇంజిన్ ఒకటే

నిజాం రాజ్యంలోనూ, ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలోనూ బిలోలి నాందేడ్ జిల్లాలోది. 1956 నవంబరు 1న జిల్లాలోని ముధోల్, భైంసా, కుబీర్, బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. బిలోలి బొంబాయి రాష్ట్రానికి, 1960 మే 1న మహారాష్ట్రకు చేరింది. నాలుగేళ్లలోపే మూడు రాష్ట్రాలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు మన దేశపు రూపం. ఆ తర్వాత చాలాకాలం దాని గుండె 1489 సీసీ పెట్రోలు ఇంజినే. లైసెన్సుల కాలంలో కొత్త కారుకు ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి. కాబట్టి ఉన్నదాన్ని పారేసే ఆలోచనే రాదు. బోరు కొట్టించి, రింగులు మార్చి మళ్లీ రోడ్డెక్కించడమే. 2014లో తయారీ ఆగిపోయాక ఆ ఓపిక ముచ్చటగా మారింది.

వాకిట్లో వర్క్‌షాపు

ఇంట్లో ఆయిల్ మార్చాలంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక పానా, ఒక తొట్టి, కాసిన్ని గుడ్డపీలికలు చాలు. ముందు ఇంజిన్ కాస్త వేడెక్కాలి. వేడి ఆయిల్ మడ్డిని వెంటబెట్టుకుని దిగుతుంది. చాంబర్ కింది డ్రైన్ బోల్టు విప్పాక చివరి చుక్క దాకా ఆగాలి.

పాత ఇంజిన్లలో ఫిల్టరు ఇనుప గిన్నెలో ఉంటుంది. దాని రబ్బరు రింగు గాడిలోనే అంటుకుపోయి కనిపించదు. దానిమీదే కొత్తది వేస్తే రెండింటి మధ్య నుంచి ఆయిల్ చిమ్ముతుంది. కొత్త ఆయిల్ పోశాక కాయిల్ తీగ పీకి సెల్ఫ్ కొట్టాలి. ప్రెషర్ మీటరు ముల్లు లేచాకో, ఎర్ర దీపం ఆరాకో అసలు స్టార్టింగ్.

దిగిన ఆయిల్‌ను గమనించడం అన్నిటికన్నా ముఖ్యం. మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. పెట్రోలు వాసనొస్తే పంపునో కార్బురేటర్‌నో అనుమానించాలి. వేళ్ల మధ్య మెరుగు తళుక్కుమంటే బేరింగు అరుగుతోంది. ఈ రేగడి దుమ్ములో గాలి ఫిల్టరునూ మరవకూడదు. విల్లీస్ జీపు కాలంలో ఆ ఫిల్టరు అడుగునా ఆయిలే ఉండేది, దుమ్మును పట్టి ఉంచడానికి.

ఏ ఆయిల్ అన్నది మరో చిక్కు. అంబాసిడర్‌లో టాపెట్లు క్యామ్ షాఫ్ట్‌ను నేరుగా రాసుకుంటాయి. వాటిని కాపాడేది ఆయిల్‌లో ఉండే జింకు, భాస్వరం కలిసిన మందు. సైలెన్సరు దారిలో పొగను శుద్ధిచేసే పరికరాన్ని భాస్వరం పాడుచేస్తుందని, 2004లో వచ్చిన ‘ఎస్ఎం’ అనే ఇంజిన్ ఆయిల్ ప్రమాణం పలుచని ఆయిళ్లలో దాన్ని 0.08 శాతానికి కట్టడి చేసింది. కొత్త కారుకు అది మేలు, పాత క్యామ్‌కు కీడు. అందుకే పాత బండ్లవాళ్లు 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ వైపే మొగ్గుతారు. ఏళ్లుగా మడ్డి పేరుకున్న ఇంజిన్లో కడిగే గుణమున్న ఆయిల్ పోస్తే, ఆ మడ్డి ఊడి సన్నటి దారులకు అడ్డం పడవచ్చు. ముందు చాంబర్ దించి శుభ్రం చేయడం మంచిది.

ఇరుసు మంచిది. చమురు తగ్గగానే ఊరంతా వినేలా మొరపెట్టుకుంటుంది. ఇంజిన్ అలా కాదు. అది టకటకమనేసరికే లోపల బేరింగు పోయి ఉంటుంది. బండివాడికి చెవులు సరిపోయాయి. కారువాడు మాత్రం పొద్దున్నే బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, తుడిచి, ముంచి, మళ్లీ లాగి చూడాల్సిందే.