నిజాం వెళ్లగొట్టిన మూకీ దర్శకుడి నుంచి ‘చిన్ని’ రివెంజ్ దాకా.. పెద్దగా తెలియని ఈ సినిమాలు చూశారా?

తుర్కయాంజాల్: సాగర్ హైవే మీద ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే తగిలే తుర్కయాంజాల్‌కు సినిమా షూటింగులు వింతేం కాదు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ దగ్గర్లోనే, విజయవాడ హైవే వైపు ఉంది. ‘బాహుబలి’ సెట్లు వేసింది అక్కడే. అయితే ఫిల్మ్ సిటీకి డెబ్భై ఏళ్ల ముందే హైదరాబాద్‌లో ఓ సినిమా కంపెనీ ఉండేది. దాని పేరు లోటస్ ఫిల్మ్ కంపెనీ.

దాన్ని పెట్టింది బెంగాలీ కళాకారుడు ధీరేంద్రనాథ్ గంగూలీ. అంతకుముందు హైదరాబాద్‌లోనే ఆర్ట్ కాలేజీలో పనిచేశారు. 1921లో ఆయన తీసిన ‘బిలాత్ ఫెరాత్’ ఫారిన్ వెళ్లొచ్చిన వాళ్ల పోకడల మీద సెటైర్. 1922లో నగరంలో కంపెనీ పెట్టి ‘ఇంద్రజిత్’, ‘లేడీ టీచర్’, ‘మ్యారేజ్ టానిక్’ లాంటి మూకీలు తీశారు. సొంతంగా సినిమా హాళ్లు కూడా నడిపారు. అంతా బాగానే ఉంది అనుకుంటుండగా 1924లో సీన్ రివర్స్ అయింది. బొంబాయిలో తయారైన ‘రజియా బేగం’ సినిమాను తన హాల్లో ఆడించారు. ముస్లిం రాణి, హిందువు మధ్య ప్రేమకథ అది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు నచ్చలేదు. వెంటనే రాజ్యం వదిలి వెళ్లిపొమ్మన్నారు. అలా హైదరాబాద్ తొలి సినిమా కంపెనీ ముచ్చట రెండేళ్లకే ముగిసింది. అదే గంగూలీకి 1975 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు దక్కింది.

మరి ఆ సినిమాలు ఇప్పుడు చూడొచ్చా? కష్టమే. అప్పటి నైట్రేట్ ఫిల్మ్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది, నిల్వ ఉంటే కుళ్లిపోతుంది. పైగా అందులోని వెండి కోసం పాత రీళ్లను కరిగించి అమ్ముకునేవారు. మన దేశంలో తీసిన వెయ్యికి పైగా మూకీల్లో మిగిలినవి పదుల్లోనే. తొలి తెలుగు మూకీగా చెప్పే ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) కూడా లేదు. మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన ఆ సినిమాలో భీష్ముడు కూడా ప్రకాశే. ఆ తండ్రి పేరు మీద రాష్ట్ర ప్రభుత్వం అవార్డులిస్తూ వచ్చింది గానీ, చూద్దామంటే రీలు లేదు!

అయినా ఆశ వదులుకోనక్కర్లేదేమో. డెన్మార్క్ దర్శకుడు కార్ల్ డ్రేయర్ 1928లో తీసిన ‘ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ నెగటివ్ కాలిపోయింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 1981లో, నార్వేలోని ఓ మానసిక ఆసుపత్రి అల్మారాలో పూర్తి ప్రింట్ దొరికింది. మూకీ అంటే బోర్ అనుకునేవాళ్లు ముందు ఇది చూడాలి. సినిమా అంతా ముఖాలే, క్లోజప్పులే. ఫోన్ స్క్రీన్ మీద కూడా ఆ కళ్లు వదిలిపెట్టవు.

ఇక మన దగ్గర మాటల్లేకుండా తీసి మెప్పించింది సింగీతం శ్రీనివాసరావు. ‘పుష్పక విమానం’ (1987)లో ఒక్క డైలాగ్ లేదు. కమల్ హాసన్ నిరుద్యోగి. ఐసుతో చేసిన కత్తితో చంపడానికొచ్చే కిల్లర్‌గా టీనూ ఆనంద్. ఐసు కరిగితే ఆయుధమే ఉండదు, అదీ మజా. డైలాగుల్లేవు కదా అని మ్యూట్‌లో పెట్టొద్దు. సగం కామెడీ శబ్దాల్లోనే ఉంది.

తెలంగాణ పల్లె కథలు కావాలంటే మూడు పేర్లు గుర్తుపెట్టుకోవాలి. మృణాల్ సేన్ తీసిన ‘ఒక ఊరి కథ’ (1977), గౌతమ్ ఘోష్ తొలి చిత్రం ‘మా భూమి’ (1980), బి.నర్సింగరావు ‘దాసి’ (1988). వీటిలో ‘దాసి’ వేరే లెవెల్. గడీలో కట్నంతో పాటు వచ్చిన ఓ ఆడమనిషి కథ. దొర వల్ల కడుపైతే, ఆ బిడ్డను ఉంచుకునే హక్కు కూడా ఆమెకు లేదు. అర్చన పెద్దగా మాట్లాడదు, ఏడుపు సీన్లతో ఊదరగొట్టదు. ఉత్తమ నటి సహా ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. కళా దర్శకత్వం అవార్డు చిత్రకారుడు వైకుంఠానిది.

పగ, ప్రతీకారం కావాలా? ‘నాంది’ (2021) చూసేయండి. చేయని హత్యకు ఏళ్ల తరబడి జైల్లో మగ్గిన అల్లరి నరేశ్ కత్తి పట్టడు, ఐపీసీ సెక్షన్ 211 పట్టుకుంటాడు. తప్పుడు కేసు పెట్టినవాళ్లను శిక్షించడానికి 2024 దాకా అమల్లో ఉన్న సెక్షన్ అది. తమిళ ‘సాని కాయిదం’ తెలుగులో ‘చిన్ని’ (2022)గా నేరుగా ఓటీటీలో వచ్చింది. కానిస్టేబుల్‌గా కీర్తి సురేశ్, తోడుగా సెల్వరాఘవన్. హింస మాత్రం బాగా ఎక్కువ, పిల్లలు పక్కనుంటే ఆపేయండి.