ఇంజిన్ నబ్జ్ పట్టిన వాళ్ల దాస్తాన్

ఇంట్లోనే స్పానర్లు పరుచుకుని హెడ్ గ్యాస్కెట్ మార్చుకునే షౌక్ ఉన్నవాళ్లు మనలో చాలామందే. అంతా బిగించి, బిస్మిల్లా అని తాళం తిప్పగానే లోపల్నుంచి ‘టక్ టక్’మని మోత వస్తుంది. ఇక మొహల్లాలో ప్రతివాడూ హకీమే! పెట్రోల్ ఖరాబని ఒకరు, బేరింగ్ పోయిందని ఇంకొకరు. ఈ బహస్ కొత్తదేం కాదు, దీనికి నూరేళ్లు దాటిన తారీఖ్ ఉంది.

అమెరికాలోని డేటన్ శహరులో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీర్ ఉండేవాడు. హ్యాండిల్ తిప్పి బండి స్టార్ట్ చేసే ముసీబత్ తప్పించి, 1912 క్యాడిలాక్ కార్లలో సెల్ఫ్ స్టార్టర్ పెట్టించింది ఆయనే. అంతకుముందే బ్యాటరీతో నడిచే ఇగ్నిషన్ కూడా తెచ్చాడు. ఆ తర్వాత ఇంజిన్లు కొట్టుకుంటుంటే ఇల్జామ్ మొత్తం ఆ ఇగ్నిషన్ మీద పడింది. కొత్తగా ఏది పెడితే అదే ముజ్రిమ్ అనడం జమానాకు పాత ఆదతే కదా.

1916లో థామస్ మిడ్జ్‌లీ అనే కుర్ర ఇంజనీర్ ఆయన దగ్గర చేరాడు. స్పార్క్ రాకముందే మంట అంటుకోవడమే మోతకు సబబ్ అని అప్పటి ఖయాల్. సిలిండర్ లోపలి మంటనూ ఒత్తిడినీ గమనించి చూస్తే హఖీకత్ వేరేగా తేలింది. స్పార్క్ వచ్చాకే, మంట పాకుతూ ఉండగా, చివర మిగిలిన పెట్రోల్-గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే ఒక్కసారిగా పేలుతోంది. ఆ ఒత్తిడి అలలు లోహాన్ని కొట్టే చప్పుడే నాక్. కసూర్ ఇగ్నిషన్‌ది కాదు, అసలు లోపం ఇంధనంలో ఉంది.

ఇక్కడే ఒక మజా. ఇంధనానికి ఎర్ర రంగు వేస్తే వేడిని బాగా పీల్చుకుంటుందేమోనని కెటరింగ్‌కు తోచింది. ఎర్ర రంగు చేతికి అందక మిడ్జ్‌లీ అయోడిన్ కలిపాడు. మోత తగ్గింది! తర్వాత అసలైన ఎర్ర రంగులు తెచ్చి కలిపితే రత్తీ ఫాయిదా లేదు. పనిచేసింది రంగు కాదు, అయోడిన్. అందాజా తప్పే అయినా తజుర్బా సరైన దారి చూపింది. మళ్లీ పరీక్ష చేసి చూడకపోతే రంగునే నమ్ముకుని కూర్చునేవాళ్లు.

ఆ వెతుకులాట 1921 డిసెంబర్ 9న టెట్రాఇథైల్ లెడ్ దగ్గర ఆగింది. పిడికెడంత దవా, మోత మాయం. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లోనే అమ్మకం మొదలైంది. కానీ అది జహర్. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కార్ఖానాలో ఐదుగురు కార్మికులు చనిపోయారు. ఆ నెలాఖరులోనే మిడ్జ్‌లీ విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడిగి చూపించాడు. అంతకుముందు ఏడాదే సీసం సోకి సెలవు తీసుకున్న మనిషే అలా చేయడం నాకు బేషర్మీగానే తోస్తుంది. ఆల్కహాల్ కలిపినా నాక్ తగ్గుతుందని వాళ్లకు తెలుసు. మన దేశం సీసం పెట్రోల్‌ను పూర్తిగా వదిలింది 2000లో. పంపుల్లో అమ్మిన చివరి దేశం అల్జీరియా, 2021 దాకా.

మన ఉస్తాద్ మిస్త్రీల తష్ఖీస్ పద్ధతి మాత్రం చెవి మీదే నడిచింది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్ మీద, పిడి చెవి దగ్గర. చఢావ్ ఎక్కుతూ ఎక్సలరేటర్ తొక్కినప్పుడు గోళీలు గలగలలాడినట్టు సన్నగా వినిపిస్తే అది ఇంధనం నాక్. హెడ్ విప్పి బిగించాక టైమింగ్ ముందుకు జరిగిందా, మసి పేరుకుందా, ఇంజిన్ అడిగిన ఆక్టేన్ పెట్రోలే పోశామా అని చూడాలి. బరువైన ‘ధక్ ధక్’ ఇంజిన్ వేగంతోపాటు పెరుగుతుంటే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ మీద షక్ పడాలి. పాత బళ్లలో మిస్త్రీ ఒక్కో సిలిండర్‌కు కరెంటు ఆపి చూస్తాడు. ఏ సిలిండర్ ఆపితే చప్పుడు తగ్గుతుందో అనుమానం అక్కడే. దీనికంటే ముందు, మొన్న మనం విప్పిన ప్రతి బోల్టూ, ప్రతి బ్రాకెట్టూ బిగువుగా ఉందా చూడాలి. ఇగ్నిషన్‌ను నాహక్‌గా తిట్టినవాళ్లు ఒక్క కెటరింగ్ కాలంలోనే లేరు. ఆయిల్ ప్రెషర్ లైటు వెలుగుతుంటే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, ఇంజిన్ వెంటనే ఆపేయండి.