శాతవాహనుల వెండి నాణేలపై అచ్చు పగుళ్లు, ఛాయలు: లేఖన పఠనంలో వాటి సాక్ష్యం

వ్యాససంగ్రహం

పాత వెండి నాణెంపై ఏర్పడిన ఛాయను మలినంగానూ, అచ్చు పగులు వల్ల వచ్చిన గీతను లోపంగానూ పరిగణించే ధోరణి సేకర్తలలోనే కాక పరిశోధకులలోనూ కనిపిస్తుంది. ఈ రెండింటినీ చారిత్రక ఆధారాలుగా గుర్తించాలని, ముఖ్యంగా శాతవాహనుల రాజముఖ నాణేలపై గల ద్రావిడభాషా లేఖనాన్ని చదివేటప్పుడు వీటి పరిశీలన తప్పనిసరి అని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శాతవాహనులు, వెండి నాణేలు, అచ్చు పగులు, ఛాయ, బ్రాహ్మీ లిపి, ద్రావిడభాషా లేఖనం.

1. ఉపోద్ఘాతం

శాతవాహనుల నాణేలలో సీసం, పోటిన్, రాగి నాణేలే అధికం. వెండివి తక్కువ. ఆ తక్కువలోనూ రాజు ముఖం గల నాణేలకు ప్రత్యేక స్థానం ఉంది. 1882లో భగవాన్‌లాల్ ఇంద్రజీ సోపారా స్తూపాన్ని తవ్వించినప్పుడు యజ్ఞశాతకర్ణి వెండి నాణెం బయటపడింది. పశ్చిమ క్షాత్రపుల నాణేల నమూనాను అనుసరించిన ఈ తరగతి నాణేలకు ముందువైపు రాజు తల, చుట్టూ ప్రాకృత లేఖనం ఉంటాయి. వెనుకవైపు చైత్యం, ఉజ్జయిని గుర్తులతోపాటు మరొక లేఖనం ఉంటుంది. ప్రాకృతంలోని 'సిరి'కి బదులు ఇక్కడ 'తిరు', 'పుత'కు బదులు 'మకణ', షష్ఠీ ప్రత్యయమైన 'స'కు బదులు 'కు' కనిపిస్తాయి. ఈ భాష తమిళమా, తెలుగుకు పూర్వరూపమా, మరొక దక్షిణాది వ్యవహార రూపమా అన్న విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. చర్చ అంతా కొద్దిపాటి అక్షరాలపైనే నడుస్తున్నందున ఒక్కొక్క గీతకూ ప్రాముఖ్యం ఏర్పడింది.

2. గీత ఎక్కడి నుండి వచ్చింది?

వెండి బిళ్లను రెండు అచ్చుల మధ్య ఉంచి సుత్తితో కొట్టడం ఆనాటి ముద్రణ పద్ధతి. దెబ్బల తాకిడికి అచ్చు పగులుతుంది. తరువాతి దెబ్బలో వెండి ఆ పగులులోకి చొచ్చుకుపోయి నాణెంపై ఉబ్బెత్తు గీతగా నిలుస్తుంది. గీరుడు అయితే లోపలికి దిగి ఉంటుంది. బిళ్ల చీలిక సాధారణంగా అంచున మొదలై లోహాన్నే విడదీస్తుంది. కాబట్టి ఉబ్బెత్తా, పల్లమా అన్నది పరిశీలనలో తేల్చుకోవలసిన మొదటి విషయం.

పునర్ముద్రిత నాణేలలో మరొక చిక్కు ఉంది. 1906లో నాసిక్ సమీపంలోని జోగల్‌తంబిలో దొరికిన నిధిలో 13,000కు పైగా వెండి నాణేలు ఉన్నాయి. వాటిలో 9,000కు పైగా నహపానుని నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులను తిరిగి ముద్రించినవి. అటువంటి వాటిపై కనిపించే ఉబ్బెత్తు గీత కొత్త అచ్చు పగులు కావచ్చు, చెరగకుండా మిగిలిన పాత ముద్ర కూడా కావచ్చు. అడుగు ముద్ర ప్రతి నాణెంపైనా వేరువేరుగా పడుతుంది. పగులు మాత్రం ఆ అచ్చు నుండి తరువాత వెలువడిన నాణేలన్నింటిపై అదే చోట పునరావృతం అవుతుంది.

ఇక లిపి విషయం. బ్రాహ్మీలో 'ర' ప్రధానంగా ఒక నిలువు గీత. ఆ నిలువు గీతను ఒక అడ్డగీత ఖండిస్తే 'క' అవుతుంది. పగులు 'ర' మీదుగా అడ్డంగా సాగితే దానిని 'క'గా చదివే ప్రమాదం ఉంది. మనం చర్చిస్తున్న 'కు' ప్రత్యయం నిలిచి ఉన్నది ఇటువంటి అడ్డగీతపైనే.

తాళపత్ర ప్రతుల పరిష్కరణలో ఒక సూత్రం ఉంది. ఒకే మాతృక నుండి ఎత్తి రాసిన పది ప్రతులు ఒకే పాఠాన్ని చూపినా అవి ఒక్క సాక్ష్యంతో సమానం. నాణేలకూ ఇది వర్తిస్తుంది. ఒకే అచ్చుకు చెందిన పది నాణేలు పాఠనిర్ణయంలో ఒక్క సాక్ష్యమే. వేర్వేరు అచ్చులలో పునరావృతమయ్యే గీత అక్షరంలో భాగం, ఒక్క అచ్చుకే పరిమితమైనది అనుమానాస్పదం. 'కు' ప్రత్యయం పుళుమావి, శాతకర్ణి, యజ్ఞశాతకర్ణి నాణేలు మూడింటిలోనూ కనిపిస్తుంది. రాజులు వేరు కనుక అచ్చులూ వేరే. అందువల్ల ఆ పఠనం బలమైనది. ఒకే నాణెం ఆధారంగా ప్రతిపాదించిన పాఠాలకు ఈ బలం ఉండదు.

3. ఛాయ చెప్పే కాలక్రమం

గాలిలోని గంధక సమ్మేళనాలతో, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్‌తో, వెండి చర్య జరపగా సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. పొర పలుచగా ఉన్నప్పుడు దాని పైతలం నుండీ అడుగుతలం నుండీ ప్రతిఫలించిన కాంతి పరస్పరం కలియడం వల్ల రంగులు పుడతాయి. పొర మందం పెరిగేకొద్దీ లేత పసుపు, ఎరుపు కలిసిన గోధుమ, నీలం ఛాయలు కనిపించి చివరకు బూడిద, నలుపు వర్ణాలు మిగులుతాయి. లవణాలున్న నేలలో పూడిపోయిన నాణెంపై సిల్వర్ క్లోరైడ్ పొర కూడా ఏర్పడుతుంది. లోహంలో రాగి కలిసి ఉంటే పచ్చని చిలుము పడుతుంది.

పగులు నాణెం పుట్టుక నాటిది, ఛాయ ఆ తరువాతి జీవితానిది. పాత పొర గీత మీదుగా తెగకుండా సాగితే గీత పొరకు ముందరిదని చెప్పవచ్చు. గీత ఒక్కటే తెల్లగా మెరుస్తుంటే అక్కడ ఇటీవల రాపిడి జరిగిందని అనుమానించాలి. అయితే పాత గీరుడుపైన కూడా పొర పేరుకుంటుంది. అందువల్ల ఛాయ గీత వయసుకు సాక్ష్యమే తప్ప గీత స్వభావానికి సాక్ష్యం కాదు. స్వభావాన్ని ఉబ్బెత్తు, పల్లాలే తేలుస్తాయి.

4. అనుకరణల సమస్య

రెండు నాణేలపై ఒకే పగులు కనిపిస్తే అవి ఒకే అచ్చు సంతానమని సంతోషించేముందు మరొక పరీక్ష అవసరం. నిజంగా కొట్టిన నాణేలలో పగులు ఒకటే అయినా బిళ్ల ఆకారం, ముద్ర పడిన స్థానం, అంచు చీలికలు వేరువేరుగా ఉంటాయి. అవన్నీ కూడా ఒకటే అయితే పోతపోసిన నకళ్లని భావించాలి. మూసపోత అచ్చు పగులునూ నకలు చేయగలదు. గంధక రసాయనాలతో తెప్పించిన కృత్రిమ ఛాయ ఈ నకళ్లకు తోడవుతుంది.

5. ఉపసంహారం

సల్ఫైడ్ పొరలోని వెండి ఆ నాణేనిదే. ఆమ్ల థయోయూరియా ద్రావణంలో ముంచి మెరుగు తెప్పించినప్పుడు పొరతోపాటు ఉపరితలపు లోహమూ కరిగిపోతుంది. దానితోపాటు గీత వయసును తెలిపే ఆధారం కూడా పోతుంది. క్లోరైడ్ పొర అక్షరాలను పూర్తిగా కప్పివేసినప్పుడు పరిరక్షణ నిపుణుల చేతిలో శుభ్రపరచడం న్యాయమే. అప్పుడైనా ముందుగా రెండు ముఖాల, అంచు ఛాయాచిత్రాలు, బరువు, వ్యాసం నమోదు చేయాలి. ఒకే అచ్చు నాణేలలో పగులు లేనివి ముందు, పగులు పెరిగినవి తరువాత ముద్రితమైనట్లు గుర్తించి వరుసలో పేర్చాలి. పగులు ఏర్పడకముందు వెలువడిన ఒక్క నాణెం దొరికినా వివాదాస్పదమైన గీత అక్షరమో కాదో తేలిపోతుంది. ద్రావిడభాషల తొలి ఆధారాలను వెదికే పరిశోధకులు అక్షరాన్ని చదవడానికి ముందు లోహాన్ని చదవడం అవసరం.