పచ్చిక ఎవరిది? మస్సెల్‌బరో నుంచి నయాఖిల్లా దాకా

ఆటల చరిత్రను మన సాహిత్య విద్యార్థులు చరిత్రగా లెక్కించరు. దాన్ని వార్తాపత్రిక చివరి పేజీకి వదిలేస్తారు. కానీ ప్రతి ఆటకూ ఒక నేల కావాలి. ఆ నేల ఎవరిది, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయింది, దాన్ని చదును చేసినవాళ్లెవరు అని అడగడం మొదలుపెడితే ఆటల చరిత్ర భూమి చరిత్రగా మారిపోతుంది. గోల్ఫు ఇందుకు మంచి ఉదాహరణ.

చిలుకూరు నుంచి మొయినాబాదు దారిన పట్నానికి వచ్చేవాళ్లకు లంగర్‌హౌజ్ దగ్గర ఎడమపక్కన గోల్కొండ కనిపిస్తుంది. ఆ కోటకు అనుబంధంగా కట్టిన నయాఖిల్లా లోపల ఇప్పుడు పద్దెనిమిది గుంటల గోల్ఫు మైదానం ఉంది. ఈ ఆట ఇక్కడికి ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలంటే ముందు అది పుట్టిన చోటికి పోవాలి.

గోల్ఫు శ్రీమంతుల ఆట అని మనం అనుకుంటాం. పుట్టుకలో అది అట్లాంటిది కాదు. 1457లో స్కాట్లండు రాజు రెండవ జేమ్సు కాలంలో అక్కడి పార్లమెంటు గోల్ఫునూ ఫుట్‌బాలునూ నిషేధించింది. జనం విలువిద్య సాధన మానేసి ఈ ఆటల్లో పడ్డారన్నది పాలకుల ఫిర్యాదు. పిడికెడుమంది ప్రభువుల ఆటను ఆపడానికి రాజ్యానికి చట్టం అక్కర లేదు. వాళ్లు ఆడింది ఇసుకనేలల మీద. సముద్రానికీ సేద్యపు భూమికీ నడుమ ఉన్న ఆ ‘లింక్సు’లో పంట పండదు. గొర్రెలు మేస్తాయి, బట్టలు ఆరేస్తారు, పిల్లలు ఆడతారు. మన తెలంగాణ పల్లెల భాషలో చెప్పాలంటే అది ఊరి బంచరాయి.

సెయింట్ ఆండ్రూస్ పేరు లోకమంతటికీ తెలుసు. 1552లో అక్కడి ఆర్చిబిషపు ఇచ్చిన పత్రం ఆ ఊరి లింక్సులో గోల్ఫు ఆడే హక్కు పట్టణవాసులదని ఒప్పుకున్నది. అయినా 1797లో అప్పులపాలైన పట్టణ సభ ఆ నేలను వదులుకోగా, అది కుందేళ్లు పెంచే వ్యాపారుల చేతిలో పడింది. ఊరికీ వ్యాపారులకూ కోర్టులోనూ మైదానంలోనూ ఏళ్ల తరబడి తగాదా నడిచింది. 1894లో చట్టం ద్వారా పట్టణం మళ్లీ ఆ నేలను సంపాదించుకున్నది. ఈనాటికీ అక్కడి పాత మైదానంలో ఆదివారంనాడు మామూలుగా ఆట ఉండదు. ఊరివాళ్లు కుక్కల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని దానిమీద నడుస్తారు.

అంత పేరు లేని మస్సెల్‌బరో కథ మనకు ఇంకా దగ్గరిది. ఎడిన్‌బరోకు తూర్పున, సముద్రపొడ్డున ఉన్న చిన్న పట్టణం అది. 1672 నాటి ఒక ప్రభువు ఖర్చుల పుస్తకంలో అక్కడ గోల్ఫు ఆడినట్టు రాత ఉంది. ఆ ఊరి బెస్త ఆడవాళ్లు చేపల గంపలు వీపున మోసుకుని ఎడిన్‌బరో వీధుల్లో అమ్మేవాళ్లు. సెలవు దినాల్లో వాళ్లు గోల్ఫు ఆడేవారని 1790లలో ఆ ఊరి మతగురువు రాశాడు. 1811 కొత్త సంవత్సరం రోజున వాళ్లకోసం పోటీ పెట్టారు. బహుమతులు ఒక చేపల గంప, ఒక శాలువ, పట్టు చేతిరుమాళ్లు. ఆడవాళ్ల గోల్ఫు పోటీల్లో చరిత్రకెక్కిన మొదటిది ఇదే. గోల్ఫు చరిత్రలో స్త్రీ మొదట అడుగుపెట్టింది రాణివాసం నుంచి అని చెప్పడం ఇష్టపడేవాళ్లు మేరీ రాణి పేరు ఎత్తుతారు. కాగితం మీద నిలిచిన సాక్ష్యం మాత్రం గంప మోసినవాళ్లది.

ఈ మైదానంలో ఉన్నవి తొమ్మిది గుంటలే. 1816 నుంచి దాని చుట్టూ గుర్రప్పందేలు జరుగుతున్నాయి, అంటే పందెపు బాట నడుమనే ఆట. 1874 నుంచి 1889 దాకా ఆరుసార్లు ఓపెన్ పోటీ ఇక్కడే జరిగింది. 1886లో గెలిచిన డేవిడ్ బ్రౌను వృత్తిరీత్యా ఇళ్ల కప్పులకు పలకరాళ్లు పరిచేవాడు. 1880 నుంచి వరుసగా మూడేళ్లు గెలిచిన ఈ ఊరి బాబ్ ఫెర్గుసన్ జబ్బుపడి, చివరికి ఈ మైదానంలోనే ఇతరుల కర్రల సంచి మోసి బతికాడు. ప్రపంచమంతటా గోల్ఫు గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. 1829 నాటి మస్సెల్‌బరో కోతపనిముట్టు కొలత కూడా అదే.

1891లో పెద్దమనుషుల క్లబ్బు జనం రద్దీ భరించలేక మ్యూర్‌ఫీల్డులో సొంత మైదానం చూసుకున్నది. మరుసటి ఏడు ఓపెన్‌ను కూడా వెంట తీసుకుపోయింది. మస్సెల్‌బరో పేరు మసకబారింది కానీ నేల ఊరిదిగానే మిగిలింది. ఇప్పుడు అక్కడికి పోయినవాళ్లెవరైనా రుసుము కట్టి ఆడవచ్చు. కావాలంటే పాతకాలపు హికరీ కర్రలు అద్దెకు ఇస్తారు. సభ్యత్వం, సిఫారసు అక్కర లేదు.

అయితే ఈ ఆట మనదాకా వచ్చింది గంప మోసిన చేతుల మీదుగా కాదు. కంపెనీ వ్యాపారులూ సైనికాధికారులూ దాన్ని తెచ్చారు. బ్రిటిషు దీవుల వెలుపల మొదటి గోల్ఫు క్లబ్బు 1829లో కలకత్తాలో వెలిసింది. కంటోన్మెంటు ఉన్నచోటల్లా పచ్చిక, పచ్చిక చుట్టూ కంచె. తోలుసంచిలో ఈకలు కూరిన పాత బంతి చాలా ఖరీదైనది. 1848 ప్రాంతంలో మలయా అడవుల గట్టాపెర్చా జిగురుతో చేసిన బంతి రావడంతో ఆట చవకై వ్యాపించింది. స్కాట్లండు పనివాడికి బంతి అందుబాటులోకి రావడం వెనుక ఆసియా అడవి గొడ్డలిపాలు కావడం ఉన్నదని మనం మరవరాదు.

ఇక నయాఖిల్లా. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించి వెనుదిరిగిన తర్వాత, శత్రువు ఫిరంగులు ఎక్కించగల గుట్టను లోపలికి కలుపుకుంటూ అబ్దుల్లా కుతుబ్ షా కట్టించిన గోడ ఇది. 1687లో కోట ఎట్లాగూ పడిపోయింది. లోపల ‘హత్తియాన్‌కా ఝాడ్’ అని పిలిచే ఆఫ్రికా జాతి మహావృక్షం ఉంది. ఆస్థానకవి ముల్లా ఖియాలీ పేరున ఒక మసీదు ఉంది. చెరువు నీటితో వరి పండించిన పొలాలు ఉండేవి. ఆ నేలమీద గోల్ఫు మైదానం పరుచుకున్న తర్వాత, రక్షిత కట్టడం పరిధిలో ఈ విస్తరణ ఏమిటని చరిత్రాభిమానులు అభ్యంతరం చెప్పారు. వివాదం కోర్టుల దాకా పోయింది. మొగలు సేనను ఆపడానికి కట్టిన గోడ ఇప్పుడు చుట్టుపక్కల బస్తీవాళ్లను ఆపుతున్నది. పల్లెలో చిర్రగోనె ఆడిన పిల్లవాడికి కర్రతో బిళ్లను ఎగరగొట్టడం కొత్త విద్య కాదు. అతనికి లేనిదల్లా ఆ గోడ లోపలికి దారి.

ఇది ఒక క్లబ్బుమీద కోపంతో చెప్పే మాట కాదు. చిలుకూరు దిక్కున జరుగుతున్నది చూడండి. అక్కడి మృగవని ఒకనాటి నిజాముల వేటస్థలం, 1994లో జాతీయ ఉద్యానమైంది. అంటే ప్రభువు వినోదస్థలం ప్రజల ఆస్తిగా మారిన సందర్భం కూడా మన కళ్లముందే ఉన్నది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో 84 గ్రామాల్లో నిర్మాణాలపై 111 నంబరు ఉత్తర్వు ఆంక్షలు పెట్టింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షల్ని ఎత్తివేస్తూ మరో ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పుడు ఆ శిఖం భూములూ, గైరాన్లూ, బంచరాయిలూ ఎవరి పచ్చికలవుతాయన్నదే ప్రశ్న.

సెయింట్ ఆండ్రూస్ జనం తమ నేలను నిలుపుకోవడానికి వాళ్ల చేతిలో 1552 నాటి పత్రం ఉన్నది. మన ఊళ్ల ఉమ్మడి నేలకు అంత గట్టి పత్రం చాలాచోట్ల లేదు. ఉన్నది జ్ఞాపకం: ఎవరి గొడ్లు ఎక్కడ మేసేవి, బతుకమ్మ ఎక్కడ ఆడేవారు, పిల్లలు గోనె ఎక్కడ కొట్టేవారు అన్నది. ఆ జ్ఞాపకాన్ని ఊరి పేరుతో, సర్వే నంబరుతో సహా కథల్లో, వ్యాసాల్లో రాసిపెట్టడం రచయితల పని. మస్సెల్‌బరో బెస్త స్త్రీలు ఆడారని మనకు తెలిసింది ఎవరో ఒకరు రాసిపెట్టినందువల్లనే.