ఇల్లు - హక్కు (5): రాతిగోడ కింద ఉన్న హక్కు

"కష్టపడ్డవాడు ఇల్లు కట్టుకున్నాడు, కట్టుకోలేనివాడు సోమరి." పక్కా ఇంటి మాట ఎత్తితే చాలు, మన పేటల వైపు వేలు చూపించి చెప్పే మాట ఇది. ఈ మాట ఎంత నిజమో తేల్చడానికి ఈసారి ఇంగ్లండులోని ఒక రైతు ఇంటిని తీసుకుంటున్నాను.

లేక్ డిస్ట్రిక్ట్‌లో ట్రౌట్‌బెక్ అనే ఊరు. అక్కడ 1626లో కట్టిన టౌన్‌ఎండ్ ఉంది. బ్రౌన్ కుటుంబం 1943 దాకా అందులో బతికింది. ఇప్పుడది నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. వీళ్లు యోమన్ రైతులు. ప్రభువుల కంటే కింద, కూలీల కంటే పైన.

మందమైన రాతిగోడలు, వాటి మీద సున్నం. పైన స్థానికంగా దొరికే స్లేట్ పలకలు. గుండ్రటి ఎత్తైన పొగగొట్టాలు. లోపల పొయ్యి ఉన్న పెద్ద గది పేరు ఫైర్‌హౌస్. కుటుంబమంతా కూర్చునేది, తినేది అక్కడే. వంట, ఉతుకుడు లాంటి పనులకు డౌన్‌హౌస్ వేరు. రోడ్డుకు అవతల 1666 నాటి కొట్టం. వాలు నేల మీద కట్టారు కాబట్టి కింద పశువులు, పైన గడ్డి. పై అంతస్తులోకి బండి నేరుగా వెళ్లేలా మట్టి ర్యాంపు.

పొగగొట్టం చిన్న విషయం అనుకోకండి. అంతకు ముందు చాలా రైతు ఇళ్లలో పొయ్యి గది మధ్యలో ఉండేది, పొగ కప్పులోంచి పోయేది. పొగగొట్టాలు ఎంత పెరిగాయో విలియం హారిసన్ 1577లోనే రాశాడు. 1570 నుంచి 1640 వరకు ఇంగ్లండు పల్లెలు కొత్తగా కట్టుకున్నాయని డబ్ల్యూ.జి. హాస్కిన్స్ 1953లో వాదించాడు. శిస్తు స్థిరంగా ఉంది, పంట ధరలు పెరిగాయి. మిగిలిన డబ్బు ఇల్లయింది.

మరి శిస్తు పెరగకుండా ఆపిందెవరు? అసలు కథ ఇక్కడుంది. స్కాట్లాండ్ సరిహద్దుకు కాపలా కాసినందుకు ఈ రైతులకు భూమి మీద వారసత్వ హక్కు ఉండేది. 1603లో స్కాట్లాండ్ రాజు జేమ్స్ ఇంగ్లండుకు కూడా రాజయ్యాడు. ఇక సరిహద్దే లేదు, కాపలా లేదు, కాబట్టి హక్కూ లేదన్నారు పైవాళ్లు. కెండల్ ప్రాంత రైతులు ఊరుకోలేదు. 1620లో స్టేవ్‌లీ చర్చిలో కూడారు, కేసులు ఎదుర్కొన్నారు. 1625లో స్టార్ చాంబర్ కోర్టు వాళ్ల వారసత్వ హక్కును ఒప్పుకుంది. టౌన్‌ఎండ్ లేచింది ఆ మరుసటి ఏడాదే.

రేపు వెళ్లగొడతారేమోనన్న భయం ఉన్నవాడు గోడకు రాయి పేర్చడు. నా మనవడు కూడా ఇక్కడే ఉంటాడన్న నమ్మకమే రాయిని మోయిస్తుంది. ఆ నమ్మకం వాళ్లకు కష్టంతో రాలేదు, కలిసి కొట్లాడితే వచ్చింది.

అయితే యోమన్‌ను ఆకాశానికెత్తడం నా పని కాదు. ఇలాంటి ఇళ్లలో చెక్క బీరువాల మీద యజమాని పేరు పొడి అక్షరాలు, సంవత్సరం చెక్కి ఉంటాయి. ఆరు నెలల ఒప్పందానికి కూలి సంతలో కుదుర్చుకొచ్చిన పాలేర్ల పేర్లు ఏ చెక్క మీదా ఉండవు. వాళ్లు అటక మీద పడుకున్నారు. గెలిచిన హక్కు భూమి ఉన్నవాడి దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు మన సంగతి. ఇంగ్లండులో కులం లేదు, మనకు భూమితో పాటు కులమూ అడ్డమే. కాబట్టి రెండూ ఒకటే అనడం లేదు. కానీ ఒక ప్రశ్న మాత్రం రెండు చోట్లా అడగాలి: ఆ గోడ కింద ఎవరి హక్కు ఉంది? తరతరాలుగా దొర నేల మీద, ఊరవతల, ఎప్పుడు పొమ్మంటారో తెలియకుండా బతికినవాళ్ల గుడిసెను చూసి సోమరితనం అనేవాళ్లను ఈ ప్రశ్నతోనే ఆపండి. డి-పట్టా చేతిలో పెట్టి, అమ్ముకునే హక్కు తీసేసి, పూర్తి హక్కుదారు అన్నవాళ్లను కూడా.

ఇల్లు ఎవరు కట్టారని కాదు, నేల ఎవరిదని అడుగుదాం.

జై భీమ్.