కాలే కత్తి

నెగడు కాస్త ఎగదొయ్యండర్రా, ఆ తుమ్మమొద్దు ఇంకా అంటుకోలేదు. ధనుర్మాసం చలి, అందులోనూ గోదారిగట్టు చలి! ఇందాక చిన్నోడు అడిగాడుగా, చరణాయుధం అంటే ఏవిటి తాతా అని. ఆ మాట నాకెలా వచ్చిందో చెబుతాను, వినండి.

నా చిన్నతనంలో మన పట్టిసంలో ఓ పంతులుగారు తెల్లారగట్టే పిల్లల్ని అరుగు మీద కూచోబెట్టి అమరకోశం వల్లె వేయించేవారు. అందులో కోడిపుంజుకి నాలుగు పేర్లున్నాయి. కృకవాకువు, తామ్రచూడం, కుక్కుటం, చరణాయుధం. మూడు పలికేవి, నాలుగోది నాలిక మీదకి వచ్చేది కాదు. పంతులుగారు బెత్తం తియ్యలేదు. నా చెయ్యి పట్టుకుని పెంటకుప్ప దగ్గరికి తీసికెళ్ళారు. "అదిగోరా నీ పాఠం, గింజలేరుకుంటోంది, చూసి చదువుకో" అన్నారు.

అప్పుడే ఎండపొడ పడుతోంది. పుంజు తలెత్తితే దాని జుట్టు చింతపండుతో తోమిన రాగిచెంబులా మెరిసింది. తామ్రమంటే రాగి, చూడ అంటే సిగ. రాగిసిగ గలది తామ్రచూడం. ఇంతలో మెడ సాచి, ఈకలు విప్పి కూసింది. కృకమంటే గొంతు, గొంతెత్తి పలికేది కృకవాకువు. కుక్కుటమనేది దాని కూతలోంచే పుట్టింది. మన కోడి మాత్రం సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్న మాట కాదర్రా. కన్నడిగులు కోళి అంటారు, తమిళులూ దాదాపు అలాగే పిలుస్తారు. అవన్నీ ఒక్క తల్లి పిల్లలే.

ఆఖర్న పుంజుని పట్టి నా ఒళ్ళో పెట్టారు. పసుపుపచ్చని కాలు, పొలుసులు పొలుసులుగా ఉంది. మడమకి పైన వెనకవైపు ఓ ముల్లు, వంకీ తిరిగి, నా చిటికెనవేలంత. మొన తాకితే చురుక్కుమంది. "చరణమే దాని ఆయుధంరా. దేవుడిచ్చిన కత్తి కాలికే ఉంది" అన్నారు. ఆ మాట మళ్ళీ మరిస్తే ఒట్టు.

ఇంకా పేర్లున్నాయి దానికి. నిశావేది అంటే రాత్రి లెక్క తెలిసినది. కాలజ్ఞం అంటే వేళ ఎరిగినది. ఇంట్లో గడియారం లేని రోజుల్లో తొలికోడి కూస్తే రైతు ఎడ్లని విప్పేవాడు, పడవవాళ్ళు తెరచాప సర్దేవారు. పిఠాపురంలో శివుడు కుక్కుటేశ్వరుడై వెలిసిందీ ఆ కూతతోనే. గయాసురుడు యజ్ఞానికి తన ఒళ్ళే ఇచ్చి, ఏడు రాత్రులు కదలనని మాటిచ్చాడట. గడువు తీరకముందే స్వామి కోడై కూస్తే, తెల్లారిందనుకుని లేచాడట. అతని పాదాలున్న చోటు గనక అది పాదగయ అయింది.

సంక్రాంతి వస్తే నాకు మనసు బాగోదు. మన జిల్లాల్లో బరులు కట్టి, డేగ, కాకి, నెమలి పుంజుల్ని దించి, కాలికి ఉక్కుకత్తి బిగిస్తారు. పల్నాటి యుద్ధానికి కోడిపందెమే నిప్పంటించిందని చెప్పుకుంటాం, అయినా మానం. పడుచుతనంలో నేనూ ఒకసారి కట్టాను. ముల్లుతో తన్నుకుంటే ఓడిన కోడి పారిపోయి బతికేది. కత్తితో ఒక్క దెబ్బే. నా పుంజు నా చేతుల్లోనే తల వాల్చేసింది. దారం విప్పుతుంటే ఆ ముల్లే మళ్ళీ నా వేలికి తగిలింది. పంతులుగారి మాట అప్పుడు నిజంగా అర్థమైంది. దానికి ఉన్న ఆయుధం దానికి చాలు. రెండోది మన ఆశ.

అటు చూడండి, ఏటి మధ్యన మన వీరభద్రుడి కొండ. దక్షుడి తల తెగ్గొట్టిన పట్టిసాన్ని స్వామి ఈ గోదారిలో కడిగాడనే గదా మన ఊరికి పట్టిసమని పేరు. అంతటి దేవుడే పని అయ్యాక ఆయుధం కడుక్కున్న రేవు ఇది. నేనూ ఆ సాయంత్రం నా కత్తి పట్టుకుని ఆ రేవుకే వెళ్ళాను. కడిగి తెచ్చుకోలేదర్రా, నీళ్ళలోనే వదిలేశాను.

ఇక పడుకోండి. తొలికోడి కూసినప్పుడు లేపుతాను, పేరు పెట్టి పిలుద్దురుగాని.