ఇంటి వయసు

పడమటివైపు కప్పు దించుతున్న రోజున, వాసాల మీంచి ఒక్కో పెంకూ కిందికి అందిస్తున్న కుర్రాడు ఒకదాన్ని తిరగేసి చూసి, "బాబుగారూ, దీనిమీద ఏదో రాసుందండి" అన్నాడు. నాన్న కళ్ళజోడు తుడుచుకుని చూశారు. పెంకు అడుగున ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా అచ్చుపడి ఉన్నాయి: బాసెల్ మిషన్ టైల్ వర్క్స్, 1865.

ఆ సాయంత్రం వీధరుగు మీద కూర్చున్న ప్రతివాళ్ళకీ నాన్న ఆ పెంకు చూపించారు. "నేను చెప్తే ఎవరూ నమ్మలేదు. నూటయాభై ఏళ్ళు దాటిన ఇల్లిది. కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన పదమూడేళ్ళకి కట్టారన్నమాట" అన్నారు. నేనూ నమ్మాను. రెండు రోజులు.

మాది కోనసీమలో, గౌతమి పాయకి దగ్గరగా ఉన్న ఊరు. ఇల్లు మండువా లోగిలి. నడిమధ్యన ఆకాశానికి తెరిచిన చదరం, చుట్టూ నాలుగు పక్కలా లోపలికి వాలిన కప్పు, దాన్ని మోసే టేకు స్తంభాలు, వాటి వెనక వసారాలు, గదులు. వానొస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలో పడి, తూములోంచి పెరట్లోకి పోతాయి. పదేళ్ళుగా కారుతున్న కప్పునీ, పెచ్చులూడుతున్న గోడల్నీ బాగుచేయించాలని నిరుడు మాఘమాసంలో మొదలెట్టాం. "ఆరు వారాలండి, ఆయ్" అన్నాడు తాపీమేస్త్రి. నాలుగున్నర నెలలు పట్టింది.

ఆ నాలుగున్నర నెలలూ మేం ఆ ఇంట్లోనే ఉన్నాం. ఒక గది ఖాళీ చేయాలంటే ఇంకో గది నింపాలి. నాన్నకీ నాకూ వీధరుగు మీద మడత మంచాలు. అమ్మా, నా భార్యా, మా అమ్మాయీ తూర్పుగదిలో, బీరువాలకీ బియ్యం డ్రమ్ములకీ మధ్య. గ్యాస్ పొయ్యి పెరట్లో టార్పాలిన్ కింద. మాగాయ జాడీకి రెండు గుడ్డలు కట్టినా సున్నపు దుమ్ము చేరింది. అన్నంలో ఇసక పంటికింద తగిలితే "మేస్త్రిగారి పోపు" అని మా అమ్మాయి నవ్వేది. పొద్దున్న పదింటికీ మధ్యాహ్నం మూడింటికీ పదకొండు మందికి టీలు. ఆ టీలు అమ్మే పెట్టేది. నేను హైదరాబాదు ఆఫీసు పని లాప్‌టాప్‌లో చేసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడు ఇంటి చరిత్ర వెతుక్కుంటూ ఉండేవాణ్ణి.

అలా వెతికితేనే 1865 సంగతి బైటపడింది. బాసెల్ మిషన్ స్విట్జర్లండులోని బాసెల్ పట్నం కేంద్రంగా పనిచేసిన క్రైస్తవ సంస్థ. మతం మారి కులవృత్తీ, బంధువుల ఆసరా పోగొట్టుకున్నవాళ్ళకి పని చూపించడానికి పడమటి తీరంలో నేతశాలలు, పెంకుల ఫ్యాక్టరీలు పెట్టింది. మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ మొదలైన ఏడు 1865. అంతకుముందు మనకున్నవి తాటాకు, గూనపెంకు. తాటాకు కొన్నేళ్ళకోసారి మళ్ళీ నేయించాలి. గూనపెంకు మీద పిల్లి నడిచినా జరిగిపోతుంది, ఏటా ఎక్కి సర్దాలి. ఈ కొత్త పెంకు గాడిలో గాడి ఇరుక్కుని కదలకుండా కూర్చుంటుంది. దేశదేశాలకి ఎగుమతి అయింది. మనవాళ్ళు మాత్రం మంగుళూరు పెంకుని బెంగుళూరు పెంకు అనేశారు.

కాబట్టి పెంకుమీది అంకె ఫ్యాక్టరీ పుట్టిన ఏడు. మిఠాయి కొట్టు బోర్డు మీద "స్థాపితం" అని వేసుకున్నట్టన్నమాట. మొదటి ప్రపంచయుద్ధం వచ్చాక, జర్మన్లతో సంబంధమున్న సంస్థ అవడం వల్ల, ఆ ఫ్యాక్టరీలు మిషను చేతిలోంచి పోయాయి. అందుచేత మిషను పేరున్న మా పెంకు ఆ యుద్ధానికి ముందుదై ఉంటుందని నా ఊహ. అంతకుమించి అది చెప్పదు.

ఇది నాన్నకి రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. చెప్పిన పద్ధతి కూడా బాగాలేదు, లాప్‌టాప్ తెరిచి మరీ చూపించాను. నాన్న పెరుగన్నం సగంలో చెయ్యి కడిగేసుకున్నారు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్న పేపరు మడుస్తూ, "అయితే ఎప్పటిదో నువ్వే తేల్చు" అన్నారు.

తేల్చడానికి కూర్చున్నాను. గోదావరి జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళ వెనక ఉన్నది నీళ్ళు. 1830ల్లో కరువులతో, ఉప్పెనలతో చితికిపోయిన ప్రాంతమిది. ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారాయి, వరి పండింది. ధాన్యం డబ్బు చేతికొచ్చినవాళ్ళు తాటాకిళ్ళు వదిలి మండువా లోగిళ్ళు కట్టుకున్నారు. వంతెనల్లేని రోజుల్లో లంకల మధ్య ఈ ఊరికి పెంకైనా, కలపైనా పడవలోనే రావాలి.

మా గుమ్మాలు రంగూన్ టేకు. ఈ మాట కూడా నాన్న గర్వంగానే చెబుతారు. 1885లో బర్మా రాజు థీబాకీ, బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌కీ టేకు దుంగల లెక్కల దగ్గర తగాదా వచ్చింది. దాన్ని సాకు చేసుకుని ఇంగ్లీషువాళ్ళు మాండలే మీదికి దండెత్తి, రాజుని దేశం దాటించి రత్నగిరిలో ఉంచారు. కలప ఇటు వస్తే మనుషులు అటు వెళ్ళారు. మా తీరం నుంచి కూలికోసం రంగూన్ వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనేవారు, వాళ్ళు ఓడెక్కిన కోరంగి రేవు పేరుమీద. 1942లో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకున్నప్పుడు ఎంతోమంది ప్రాణాలరచేత పెట్టుకుని వెనక్కి వచ్చారు. మా గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేటప్పుడు ఈ రాజూ, ఆ కూలీలూ ఎవరికీ గుర్తుకురారు.

టేకునీ పెంకునీ కలిపి చూసి, ఇల్లు పంతొమ్మిదో శతాబ్దం చివరికీ మొదటి యుద్ధానికీ మధ్య కట్టి ఉంటారని చెప్పాను. నాన్న "ఊఁ" అన్నారు.

గోడల సంగతి మేస్త్రి చెప్పాడు. వంటింటి గోడకి తాతగారు 1986 వరద తర్వాత సిమెంటు పూయించారు. ఆ సిమెంటే ఇప్పుడు పలకలు పలకలుగా ఊడుతోంది. మేస్త్రి గోడమీద వేళ్ళతో కొట్టి చూసి, "సున్నపు గోడ తడి పీల్చుకుంటాదండి, మళ్ళీ వదిలేస్తాది. మీరు దాని ముక్కు మూసేశారు" అన్నాడు. సున్నమూ ఇసకా గానుగలో పోసి, ఎద్దుని తిప్పి రుబ్బి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపేవాళ్ళట.

"నీకెలా తెలుసు మేస్త్రీ?" అన్నారు నాన్న.

"ఈ గోడలెత్తింది మా తాతేనండి. మా అయ్య చెప్పేవోడు. కట్టినన్నాళ్ళూ దేవుడి గదిలో కూడా తిరిగాడంట. గృహప్రవేశం నాటినించి మాత్రం అరుగు కిందే నిలబడ్డాడంటండి."

కోపంగా అనలేదు. తాపీతో సున్నం గీకుతూ, కరక్కాయ సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్ళి డైరీ తెచ్చుకుని, "మీ తాత పేరేమిటి?" అని అడిగి రాసుకున్నారు. పెంకు పోసిన ఫ్యాక్టరీ పేరు వందేళ్ళకి పైగా మా నెత్తిమీదుంది. గోడ కట్టినవాడి పేరు ఇంట్లోకి రావడం అదే మొదలు.

ఇంతా తెలుసుకున్నాక నాకు ఇంటిమీద ప్రేమ ఇంకా పెరిగింది. ఉన్నదున్నట్టు నిలబెట్టాలన్నాను. ముఖ్యంగా మండువా. చిన్నప్పుడు పడుకుని వెన్నెల చూసిన చోటు. ఊళ్ళో ఒక్కొక్కరూ స్లాబులు పోసి మండువాలు మూసేస్తున్నారు, మనమైనా ఉంచుదామన్నాను. నాన్న తలూపారు. అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా, "మూయించండి" అంది.

నేను వారసత్వం గురించి మాట్లాడాను. గాలీ వెలుతురూ అన్నాను. అమ్మ చాట కిందపెట్టింది.

"ఏరా, నేను ఈ ఇంటికొచ్చి నలభైనాలుగేళ్ళు. 86లో గోదారి ఇంట్లోకొస్తే, నిన్ను చంకనేసుకుని ఈ మండువాలో బురద ఎత్తిపోశాను. 96లో నవంబరు తుఫానుకి సగం కప్పు లేచిపోయి, నెల్లాళ్ళు గొడుగు కింద వండాను. ఏ వానకైనా వసారా నాలుగు పక్కలా తుడవాలి. పోయినేడు ఇక్కడే కాలుజారి చెయ్యి విరిగింది. వెన్నెల మీరు చూశారు. తడి నేను తుడిచాను."

ఆ రాత్రి నా భార్య అడిగింది, "అత్తయ్యగారికి ఏం కావాలో మీరు ఒక్కసారైనా అడిగారా?" అని. అడగలేదు. టేకెక్కడిదో వెతికాను, పెంకెప్పటిదో వెతికాను. ఈ ఇల్లు ఇన్నాళ్ళు నిలబడడానికి రోజూ ఏంచేయాల్సి వచ్చిందో వెతకలేదు. అలికిన నేలకి అచ్చుముద్ర ఉండదు. మర్నాటికి మళ్ళీ అలకాలి. నాయనమ్మా, ఆవిడ అత్తగారూ చేసిన పని మొత్తం అలాంటిదే. 1986, 1996 అని అమ్మ చెప్పిన లెక్కే ఆ ఇంటికి నేను విన్న మొదటి సరైన చరిత్ర.

మర్నాడు మేస్త్రితో అమ్మే మాట్లాడింది. మండువా పైన, చూరులకంటే రెండడుగుల ఎత్తులో, వెలుతురొచ్చే రేకు వేయించింది. గాలి పక్కలనించి ఆడుతుంది, వాన మాత్రం లోపలికి రాదు. వంటగట్టు ఎంతెత్తని మేస్త్రి అడిగితే, "నా మోచెయ్యి కొలుచుకో" అంది. ఆ ఇంట్లో ఒక ఆడమనిషి ఒంటికి కొలతపెట్టి కట్టిన మొదటి వస్తువు ఆ గట్టు. అప్పటిదాకా వంటంతా నేలమీద కూర్చునీ, వంగునీనే. గోడలకి సిమెంటు గీకించి మళ్ళీ సున్నమే పూయించాం.

జ్యేష్ఠం చివర్లో మొదటి వాన పడింది. అందరం మండువాలో కుర్చీలేసుకుని కూర్చున్నాం. రేకుమీద చప్పుడు ఎక్కువే. నాన్న పైకి చూసి, "వానంటే ఇలా ఉండేది కాదు" అన్నారు. అమ్మ కాళ్ళు చాపుకుని టీ తాగుతోంది. వాన పడుతుంటే అమ్మ కూర్చునుండడం నేనెప్పుడూ చూడలేదని అప్పుడు తోచింది. నాకు కూడా చిన్నప్పటి మండువా పోయిందనే అనిపించింది. ఆ మాట బైటికి అనలేదు.

ఇప్పుడు చుట్టాలెవరైనా వచ్చి ఇల్లెప్పటిదని అడిగితే, నాన్న "నూటపదేళ్ళు దాటుంటుంది" అని, కట్టిన మేస్త్రి పేరు కూడా చెబుతున్నారు. 1865 పెంకుని శుభ్రంగా కడిగి హాల్లో అలమర మీద నిలబెట్టారు. మొన్న దసరాకి వెళ్ళేసరికి అలమర మీద లేదు. వెతికితే వంటగట్టు మీద కనిపించింది. దానిమీద పొగలు కక్కుతున్న పప్పు కుక్కరుంది.

"గాడులున్నాయిరా, కుక్కరు జారదు" అంది అమ్మ.